వివక్ష మాఫీ

"మీ కాక పోయిండు బిడ్డా" అని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పేసరికి నా నోట్లో పేస్టు నురగ ఉంది. ఉమ్మేయడానికి మనసు రాలేదు. ఖతర్‌లోని ఉమ్ సలాల్‌లో మా లేబర్ క్యాంపు గేటు బయట డ్యూటీ బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది.

"పొద్దుగాల లేచి చాయ్ అడిగిండు. నేను తెచ్చెవరకు గోడకు ఒరిగిండు. గంతే" అంది చిన్నమ్మ. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. మెల్లగా అడిగింది. "నువ్వన్న నిజం చెప్పు. గాడ ఆయనకు బంగారం దొరికిందా? సూడనచ్చినోళ్ళందరు గదే అడుగుతున్నరు. దుబాయ్‌ల మిషన్ వట్టి లంకెబిందెలు తీసిండట గదా, ఏడ దాసిండని."

"లేదు చిన్నమ్మా. మేకులు దొరికినయి."

"మేకులా?"

"మేకులు, గాలాలు, కత్తి ముక్కలు. అన్ని తుప్పువట్టినయే."

"మంచిదాయె. గట్లనే చెప్త. మేకులల్ల ఎవ్వడు వాటా అడగడు."

అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఇది రాయిస్తున్నది దుఃఖం ఒక్కటే కాదు, కోపం కూడా. మనిషి పోయిన పొద్దున ఇంటికొచ్చి బంగారం ఎక్కడని అడిగిన ఆ ఊరివాళ్ళు కూడా దీన్ని చదవాలి. కాక దాచింది ఏమీ లేదు. ఆయన ప్యాంటుకు అసలు జేబులే ఉండేవి కావు.

నిజంగానే చెబుతున్నాను. ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే, కానీ ఇది ఖతర్. దాని ఉత్తరాన, సముద్రపు ఒడ్డున, ఇసుకలో పూడిపోయిన ఒక పాత పల్లె ఉంది. ఒకప్పుడు ముత్యాల కోసం పడవలెక్కి పోయిన వాళ్ళ పల్లె. దాన్ని తవ్వి చూసే పరిశోధకులకు కూలి మనుషులను పంపేది మా కంపెనీ. తవ్విన మట్టిని ఒక పక్కన గుట్టగా పోస్తారు. కంటికి కనబడకుండా ఆ మట్టితో పాటు బయటికి వచ్చేసిన లోహపు వస్తువులుంటే, వాటిని మెటల్ డిటెక్టర్‌తో విని పట్టుకోవడం కాక పని. ఇక్కడ నేలలో దొరికిన పాత వస్తువు దేశానిది. జేబులో వేసుకుంటే దొంగతనం. ఆ పనికి పెట్టిన రోజే కాక తన డ్యూటీ ప్యాంట్ల జేబులన్నీ టైలర్ దగ్గర కుట్టించేశాడు. "ఎవ్వనికి నా మీద అనుమానం రావద్దు. నాకు గుడ నా మీద రావద్దు" అన్నాడు. తంబాకు డబ్బీని టోపీలో పెట్టుకునేవాడు. వంగినప్పుడల్లా అది మట్టిలో పడేది, మిషన్ దాన్నే పట్టుకుని మోగేది, మేమంతా నవ్వేవాళ్ళం.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. క్యాంపులో నా మొదటి రోజు, పక్క మంచం మీద కాళ్ళు చాపుకుని, మాది ఏ ఊరో, నేను ఎవరి కొడుకునో అడిగాడు. చెప్పాను. ఆ ఊరూ తెలియదు, మా నాన్నా తెలియడు. అయినా "అయితే నేను నీకు కాకనే" అన్నాడు. అప్పుడు నా చదువు డిగ్రీ సగంలో ఆగిపోయి ఉంది. మిగతా చదువంతా మీటింగుల దగ్గర పంచే కరపత్రాలు, పిన్ను కొట్టిన చిన్న బుక్‌లెట్లు. ఎవరేమన్నా వాటిలోంచి ఒక ముక్క తీసి మొహాన కొట్టేవాణ్ణి. కాక వినేవాడు. విని, "నువ్వు కాయితాలు చదివి చదివి కాయితమోలె అయినవురా. జర గాలి వెడితే లేస్తవు" అనేవాడు.

మిషన్ పనికి రాకముందు ఆయన సెంట్రింగ్ పని చేసేవాడు. స్లాబు ఎండాక పలకలు విప్పి మేకులు పీకడం. ఒకసారి మేకు బూటు అడుగును చీల్చుకుని పాదంలో దిగింది. "ఇనుముతోని నాకు పాత పగ ఉన్నది. అది నన్ను ఎతుక్కుంట అచ్చింది, ఇప్పుడు నేను దాన్ని ఎతుకుతున్న" అని చెప్పుకునేవాడు. ఆయన్ని దేవుణ్ణి చేసి రాయను. చేస్తే ఆయనే నవ్వుతాడు. ఒకరోజు గుట్ట మీద "పెద్దది! పెద్ద ఇనుము!" అని అరిచి, అందరి పనీ ఆపించి, మా చేత మోకాలి లోతు తవ్వించాడు. మోగింది ఆయన సేఫ్టీ బూటు ముందున్న ఉక్కు రేకు. "నా కాళ్ళు గుడ విలువైనయే గదా" అన్నాడు, సిగ్గుపడకుండా.

డిటెక్టర్ సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. రాగి, వెండి కింద ఉంటే మిషన్ సన్నగా, తీయగా కూస్తుంది. ఇనుము ఉంటే బొంగురుగా గుర్రుమంటుంది. సన్న గొంతులను కాక "సార్లు" అనేవాడు, బొంగురు గొంతులను "మనోళ్ళు" అనేవాడు. హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు కాదు. స్పీకరు పూర్తిగా పెంచి, "అందరు ఇనుండ్రి, మనోళ్ళు గుర్రుమంటున్నరు" అని గుట్ట మీది నుంచి కేకేసేవాడు. నేను మిషన్‌ను గబగబా ఆడిస్తే, "ఊపకురా, ఊడువు" అనేవాడు. "ఇల్లు ఊడ్సినట్టు నేలకు తగిలీ తగలకుంట. చెవులు క్యాంపుల పెట్టి అచ్చినవా?"

ఒకరోజు మిషన్‌తో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తుంటే నా కంటికి ఒక మాట తగిలింది. ఒళ్ళు మండిపోయింది.

"కాకా! ఈ మీట పేరు సూసినవా? డిస్క్రిమినేషన్! అంటే తెల్సా? వివక్ష! దీన్ని తిప్పితే ఇనుము మోగది. ఇనుము నోరు మూపిచ్చి, సార్లను మాత్రమే మాట్లాడనిస్తది!"

కాక మీట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మిషన్ల గుడ పెట్టిండ్రా? ఊర్లె ఉన్నది సాలదా వీళ్ళకు?" అని, ఆ మీటను సున్నా దాకా తిప్పేశాడు. మాతో పనిచేసే బంగ్లాదేశీ రఫీక్ భాయ్ "క్యా హువా?" అని పరుగెత్తుకొచ్చాడు. "వివక్ష మాఫీ!" అన్నాడు కాక.

ఆ రోజు నుంచి మా గుట్ట మీద అదే మాట. మిషన్ ఆన్ చేయగానే ఎవరో ఒకరు "వివక్ష మాఫీ?" అని అడగాలి, కాక "మాఫీ!" అని బదులివ్వాలి. రఫీక్ భాయ్ చాలా రోజులు వివక్ష అంటే మిషన్‌లో ఒక పార్టు అనుకున్నాడు. బ్యాటరీ అయిపోయి మిషన్ ఆగినప్పుడు "వివక్ష ఖరాబ్ హో గయా క్యా?" అని దిగులుగా అడిగాడు.

మాఫీ అంటే మన ఊళ్ళో పోనీలే అని వదిలేయడం. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు. ఈ నేల మీద కాలు పెట్టిన వాడు మొదట నేర్చుకునే మాట అది. పానీ మాఫీ, బస్ మాఫీ, ఛుట్టీ మాఫీ. పొద్దుటి నుంచి మాపటి దాకా మా ముఖాన మూసే తలుపు ఆ మాట. కాక అదే తలుపును ఎదురు తోశాడు. మేము వివక్షను క్షమించలేదు. లేదన్నాము. కనీసం మా మట్టిగుట్ట మీద లేదన్నాము.

ఈ కథను తెలుగు సంఘం మీటింగులో చెబితే, దోహాలోని అజీజియా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారు నవ్వి, "అది టెక్నికల్ పదం తమ్ముడూ. తేడా పట్టడం అని అర్థం. నువ్వు మరీ ఎక్కువ చదివేస్తున్నావ్" అన్నారు. కావచ్చు సార్. మీరు మంచి మనసుతోనే అన్నారు. నాకు ఇంగ్లీషు తక్కువ. కానీ ఆ మీట తిప్పితే ఎవరి నోరు మూతపడుతుందో నేను చెవులారా విన్నాను. దాని పేరు తప్పని మీరు అంటున్నారు. దాని పని తప్పని నేను అంటున్నాను.

పని ఎలా తప్పో ఒక సంగతి చెబుతాను. ఒక పొద్దున మిషన్ ఒకచోట గుర్రుమంది. కాక మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో గీకి, అరచేయంత తుప్పుముద్దను బయటికి తీశాడు. మేము మేడమ్ అని పిలిచే పరిశోధకురాలు దాన్ని బ్రష్‌తో తుడిచి, తిప్పి తిప్పి చూసి, ఆల్చిప్పలు తెరిచే కత్తి అయి ఉండొచ్చని చెప్పింది. పడవ మీద అందరూ గుండ్రంగా కూర్చుని ఇలాంటి కత్తులతో చిప్పలు తెరిచేవారట. ముత్యం దొరికితే పడవ యజమానికి అప్పజెప్పాలట. ఆమె వచ్చీరాని హిందీలో చెప్పినదంతా కాక శ్రద్ధగా విన్నాడు. తర్వాత నాతో అన్నాడు. "ముత్యం ఏ రాజు మెడల వడ్డదో ఏమో గని, కత్తి ఈడనే ఉన్నది సూడురా. పని చేసినోని కాడనే ఉన్నది."

నేను చదివిన బుక్‌లెట్లన్నీ ఒక పక్కన, ఈ మాట ఒక పక్కన. ముత్యానికి మిషన్ మోగదు. సార్ల కోసం మీట తిప్పి ఉంటే ఆ కత్తీ మోగేది కాదు. గుట్టతో పాటు లారీ ఎక్కి ఏ గుంటలోనో పడేది.

కొత్త మిషన్ కొనే గొడవ మొదలైంది అప్పుడే. పాత మిషన్ కాయిల్ దగ్గర వైరు తెగింది. ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే పనిచేసేది. కాక భుజం కూడా అలాగే ఒక పక్కకు వంగిపోయింది. కొత్తది కొంటామని కంపెనీ ఒప్పుకుంది. ఒక శుక్రవారం సూపర్‌వైజర్ గారు మమ్మల్నిద్దరినీ దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో గాలాలు, టెంట్లు అమ్మే ఒక దుకాణానికి తీసుకెళ్ళారు. ఆయనది కోస్తా. అక్కడ బల్ల మీద రెండు మిషన్లు.

ఒకటి రంగుల తెరది. తేలిక. ఉప్పు నేల మీద కూడా అనవసరంగా అరవదు. కింద ఉన్నది ఏమై ఉంటుందో అంకె వేసి చూపిస్తుంది. రెండోదీ ఉప్పు నేలకు పనికొచ్చేదే, కానీ బరువు. తెర లేదు. రెండు గుండ్రటి మీటలు, అంతే. కాకకు మొదటిదే నచ్చింది. అబద్ధం చెప్పను. చేతిలోకి తీసుకుని "పిల్లికూన లెక్కున్నదిరా" అని మురిసిపోయాడు. మీటలేవీ లేవు కనుక నేను మెనూలోకి వెళ్ళి వివక్ష తీసేశాను. కాక తన తంబాకు డబ్బీ పెట్టి చూశాడు, గుర్రుమంది. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. డబ్బీ మీద మూగగా ఉంది. మళ్ళీ తీశాను, మోగింది. మళ్ళీ ఆపి ఆన్ చేశాడు, మూగ.

"ఇదేందిరా, కన్ను మూసి తెరిసెవరకు మర్సిపోతది?"

"కంపెనీల గట్లనే చేసిండ్రు కాకా. ఆన్ చేసినప్పుడల్లా ఇనుము బందే. రోజు మనమే తీసెయ్యాలె."

కాక పిల్లికూనను బల్ల మీద పెట్టేశాడు. బరువైన దాన్ని ఎత్తి, మీట సున్నాకు తిప్పి, ఆపి, ఆన్ చేశాడు. మీట పెట్టిన చోటే ఉంది. డబ్బీ గుర్రుమంది. "దీనికి యాదికుంటది" అన్నాడు.

"ఏంటి మాస్టారూ మీ పట్టుదల?" అన్నారు సూపర్‌వైజర్. "ఆ గుట్టలో ఇనుమంతా మన చెత్తే కదా. బైండింగ్ వైరు, కోలా మూతలు. ప్రతి తుక్కుకీ ఆగి, సంచీలో వేసి, చీటీ రాస్తూ కూర్చుంటే ఎండలు ముదిరేలోపు పని అవుద్దా?"

ఆయన చెప్పిందీ నిజమే. ఆ గుట్టలో మా చెత్త చాలా ఉంది. కాక ఒప్పుకున్నాడు కూడా. "చెత్తనే సార్. గని చెత్తనా కాదా అని చూసినంక అనాలె. ఇనకముందే ఎట్లంటరు?"

తేలలేదు. ఆ వారమే కాక సెలవు మీద ఊరికి బయల్దేరాడు. బ్యాగుకు తాడు కట్టుకుంటూ నాకు చెప్పాడు. "నేనచ్చెదాక కొననియ్యకు. అడిగితె నీ కాయితాల మాటలు మాట్లాడకు. మోగిచ్చి ఇనిపియ్యి."

ఆయన రాలేదు. చిన్నమ్మ ఫోన్ వచ్చింది.

ఆ పొద్దున బస్సెక్కి కూర్చున్నాక సూపర్‌వైజర్ గారికి చెప్పాను. "అయ్యయ్యో, మొన్ననేగా నవ్వుకుంటూ వెళ్ళాడు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ సైటు దగ్గర పడుతుండగా అన్నారు. "ఇక ఆ మిషన్ సంగతి తేల్చేద్దామయ్యా. తెరదే తెప్పించేస్తాను. నువ్వే నడుపుదువుగాని."

కాక వద్దన్న పనే చేశాను. సైటులో మేడమ్ కూర్చునే పోర్టా క్యాబిన్‌లోకి దూసుకెళ్ళి, వచ్చిన భాషలన్నీ కలిపి అరిచాను. కరపత్రాలన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. మేడమ్ పెన్ను పట్టుకుని నన్నే చూస్తోంది. సూపర్‌వైజర్ "వాడి వాళ్ళెవరో పోయారు మేడమ్" అని సర్దిచెప్పబోయారు. అప్పుడు మోగించి వినిపించమన్న కాక మాట గుర్తొచ్చింది. పాత మిషన్ అందుకుని, "రండి, ఇనండి" అన్నాను.

ముగ్గురం గుట్ట ఎక్కాము. మిషన్ గుర్రుమన్న చోట తవ్వాను. బైండింగ్ వైరు. ఇంకోచోట తవ్వాను. మేమే మొన్న తిని పారేసిన చేపల డబ్బా మూత. "నిధి దొరికిందయ్యా, నిధి!" అన్నారు సూపర్‌వైజర్, నవ్వాపుకోలేక. నాకు ఆ మిషన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది. మరోచోట మోగింది. వేళ్ళతో గీకాను. వేలంత తుప్పుముద్ద. గాలమో, మేకో, మా చెత్తో. మేడమ్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఏమిటో తనకూ తెలియదంది. తెలిసేదాకా పారేయకూడదంది. సంచీలో వేసింది.

ఇనుము కూడా తనకు కావాలని ఆమె గట్టిగానే చెప్పింది. కానీ మిషన్ కొనేది కంపెనీ. సూపర్‌వైజర్ గారు కంపెనీకి చెప్పింది తెర మిషనే. అదే వచ్చింది. నేను ఓడిపోయాను.

"దీనికింత ఉడుకెందుకు?" అన్నారు సూపర్‌వైజర్ దాన్ని నా చేతిలో పెడుతూ. "రోజూ పొద్దున్నే నీ వివక్షని నువ్వే తీసేసుకో. ఎవరొద్దన్నారు? నువ్వున్నన్నాళ్ళూ తీసుకో."

నువ్వున్నన్నాళ్ళూ. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. నేను ఎన్నాళ్ళుంటాను? వీసా ఉన్నంత వరకు. లేదా మళ్ళీ ఎవరి మీదనో అరిచేదాకా. ఆ తర్వాత ఈ మిషన్ అందుకునే వాడికి అది ఇనుము నోరు మూసిపెట్టే దొరుకుతుంది. మూసి ఉందని కూడా వాడికి తెలియదు. నిశ్శబ్దంగా ఉంటే అక్కడేమీ లేదనుకుంటాడు. కత్తి మీద నడిచి వెళ్ళిపోతాడు. కాక పోయాడు, నేనూ పోతాను, మరి వినేదెవరు? నాకు కావలసింది ఈ ఒక్క ప్రశ్నకు జవాబే. సంతాప సభ కాదు, పూలదండ వేసిన ఫోటో కాదు. సంఘం వాళ్ళు పెట్టిన దండం బొమ్మల మెసేజ్‌లు అసలే కాదు.

అందుకే రోజూ పొద్దున బస్సు దిగగానే మిషన్‌ను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, మెనూ తెరిచి, వివక్ష తీసేసేవాణ్ణి. ఏ గుర్తు మీద నొక్కుతున్నానో గట్టిగా చెబుతూ చేసేవాణ్ణి. రఫీక్ భాయ్ ఆవలిస్తూ చూసేవాడు. "అయిందా పూజ?" అనేవారు సూపర్‌వైజర్. "అయింది సార్, ప్రసాదం మేకులు" అనేవాణ్ణి. నా మాటలు ఎవరి చెవికైనా ఎక్కాయో లేదో నాకు తెలిసేది కాదు. కోపంగా చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదని కాక చాలాసార్లు అన్నాడు. అయినా చెబుతూనే పోయాను.

కిందటి వారం నా ఐడీ రెన్యువల్‌కు మెడికల్ పరీక్ష ఉందని కంపెనీ దోహాకు పంపింది. ఆ పూట మిషన్ ఎవరికీ అప్పజెప్పలేదు, ఏమీ చెప్పలేదు. నిజానికి అడగడానికి భయపడ్డాను. రక్తం ఇస్తూ కూడా అదే ఆలోచన. మధ్యాహ్నం దాటాక కంపెనీ పికప్ నన్ను సైటు గేటు దగ్గర దించింది. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా కొడుతోంది. ఇసుక కళ్ళలో పడుతుంటే తల వంచుకుని గుట్ట దాకా నడిచి, తల ఎత్తాను.

గుట్ట మీద రఫీక్ భాయ్ మిషన్‌తో నేలను ఊడుస్తున్నాడు. ఊపడం లేదు. స్పీకర్ గుర్రుమంటోంది. నన్ను ఎవరూ చూడలేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో నెమ్మదిగా మట్టి తొలుస్తున్నాడు. రోజూ సంచీ పట్టుకునేది రఫీక్ భాయే, ఆ పూట నా మిషన్ అతని చేతిలో ఉంది. అందుకని సూపర్‌వైజర్ గారు ఆ పక్కనే సగం వంగి నిలబడ్డారు. ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని ఆఫీసుతో మాట్లాడుతున్నారు. "అవదు సార్, ఈ వారం అవదు, ఇక్కడ మేకులేరుతున్నాం" అంటున్నారు విసుగ్గా. రెండో చేత్తో ప్లాస్టిక్ సంచీ మూతి తెరిచి పట్టుకున్నారు. గాలికి అది బెలూన్‌లా ఉబ్బి చేతిలోంచి ఎగిరిపోబోతుంటే వేళ్ళు బిగించి, మళ్ళీ తెరిచి, రఫీక్ భాయ్ చేతి కిందికి జరిపారు.